చార్మినార్ పక్క సందులో కేబుల్ బ్రిడ్జి: సినిమాల్లో ఊళ్ల పటం ఎందుకు చెదిరిపోతుంది?

మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. చార్మినార్ దగ్గర మొదలైన కార్ల ఛేజింగ్ ఒక మలుపు తిరగగానే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద తేలుతుంది. హైదరాబాద్ నుంచి భీమవరం వెళ్లే కథానాయకుడు రాజమండ్రి దగ్గరి గోదావరి వంతెన దాటుతాడు. ఇవి దర్శకులకు తెలియక జరుగుతున్నాయా, తెలిసే వదిలేస్తున్నారా, అదే దారిలో సాగే కథతో లఘుచిత్రం రాసుకుంటున్న మీరు ఇవన్నీ పట్టించుకోవాలా అన్నది మీ సందేహం. చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో లొకేషన్ మేనేజరుగా పనిచేస్తున్నాను కనుక, ఈ తప్పులు ఏ దశలో పుడతాయో దగ్గరగా చూసిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

తెలియక జరిగేవి చాలా తక్కువ. యూనిట్‌లో సగం మంది ఈ నగరంలోనే ఉంటారు, రోజూ ఆ రోడ్ల మీదే తిరుగుతారు. చార్మినార్ నుంచి కేబుల్ బ్రిడ్జికి వెళ్లాలంటే చార్‌కమాన్, పత్తర్‌గట్టి, మదీనా దాటి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్, బషీర్‌బాగ్, ఖైరతాబాద్, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా రోడ్ నంబర్ 45 పట్టుకోవాలని వాళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. పదిహేను కిలోమీటర్లకు తక్కువ కాని దారి అది, సాయంత్రం పూట గంటకు పైనే పడుతుంది. అయినా ఎడిటింగ్‌లో ఆ రెండు షాట్లు పక్కపక్కన చేరతాయి. ఎందుకంటే చార్మినార్ దగ్గర తీయడానికి దొరికినవి కొన్ని షాట్లే, అవి కూడా తెల్లవారకముందు. ఇప్పుడు ఆ కట్టడం చుట్టూ వాహనాలను తిరగనివ్వడం లేదు, అది పాదచారుల ప్రాంతం. పైగా అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కావడంతో అనుమతుల తతంగం వేరే ఉంటుంది. కాబట్టి కారు అక్కడ ఉన్నట్టు చూపడానికి రెండు షాట్లు తీసుకుని, అసలు వేగమంతా వెడల్పాటి, ఖాళీ దొరికే రోడ్ల మీద తీస్తారు. అవి నగరానికి పడమటి అంచున, నానక్‌రామ్‌గూడ వైపు ఉంటాయి.

ఇలా వేర్వేరు చోట్ల తీసిన ముక్కలను కలిపి తెర మీద ఒకే చోటుగా చూపడం కొత్త విద్య కాదు. రష్యా దర్శకుడు, సిద్ధాంతకర్త లెవ్ కులెషోవ్ 1920ల తొలినాళ్లలోనే మాస్కోలో వేర్వేరు వీధుల్లో నడుస్తున్న ఒక స్త్రీని, ఒక పురుషుడిని కలిపి, వాళ్లు వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్ మెట్లు ఎక్కుతున్నట్టు కూర్చి చూపించాడు. ప్రేక్షకుడి మనసు ముక్కల మధ్య ఉన్న ఖాళీని తానే పూడ్చుకుంటుంది. సినిమా అనే కళ ఆ పూడ్చుకోవడం మీదే నిలబడింది గనుక దాన్ని మోసం అనడం నాకు ఇష్టం లేదు. చార్మినార్ నుంచి కేబుల్ బ్రిడ్జికి దూకే ఛేజింగ్‌ను నేను క్షమిస్తాను. అక్కడ దూరం కథకు పని చెయ్యదు. ఎవరు తరుముతున్నారు, ఎవరు దొరుకుతారు అన్నదే ముఖ్యం.

అసలు కారణం ఇంకా మామూలుది. యూనిట్ సాయంత్రానికి ఇళ్లకు తిరిగి రాగలదా లేదా అన్నదే చాలా సార్లు తెర మీది భూగోళాన్ని నిర్ణయిస్తుంది. అవుట్‌డోర్ వెళ్తే బస, భోజనం, ప్రయాణం, బత్తా అన్నీ నిర్మాత మీద పడతాయి. నటుల కాల్షీట్లు ప్రయాణంలోనే కరిగిపోతాయి. అందుకే కథలో అడవి అని రాసి ఉంటే మొదట తడిమే చోటు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు. మూసీ పుట్టేది అక్కడే. పొద్దున బయలుదేరి రాత్రికి తిరిగి రావచ్చు. (అరకు దారిలో కూడా ఒక అనంతగిరి ఉంది. కాగితం మీద పేరొక్కటే రాసి పెడితే పని ఎంత అయోమయమవుతుందో ఊహించుకోండి.) పల్లెటూరు అని ఉంటే శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు చూస్తారు. రైల్వేస్టేషన్, విమానాశ్రయం, పరాయి నగరపు వీధి కావాలంటే విజయవాడ రహదారి మీద 1996 నుంచి నడుస్తున్న రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. ఒకే యూనిట్ ఒకే వారంలో ఢిల్లీ, లండన్, ఒక పేరులేని జిల్లా కేంద్రం, మూడూ అక్కడే తీసేయగలదు. 2003 నాటి 'ఒక్కడు' కోసం చార్మినార్‌నే నగర శివార్లలో సెట్‌గా వేశారు. అసలు చార్మినార్ నిలబడిన బజారులో రాత్రుళ్ల తరబడి షూటింగ్ నడపడం ఎవరి వల్లా కాదు కాబట్టి అది సబబైన నిర్ణయమే. 'ఆర్‌ఆర్‌ఆర్' కథలో ఢిల్లీలోని ఆంగ్ల పాలకుడి భవనం నిజానికి కీవ్‌లోని మారిన్‌స్కీ ప్యాలెస్. 2021లో అక్కడ 'నాటు నాటు' పాట తీశారు. ఆ భవనం ముందు నిలబడి ఢిల్లీ దారి అడిగే ప్రేక్షకుడు ఉండడు గనుక దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

వెలుగు మరో కారణం. దీనికి పాఠంలాంటి ఉదాహరణ 1967 నాటి హాలీవుడ్ చిత్రం 'ది గ్రాడ్యుయేట్'. కథానాయకుడు శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి బర్క్‌లీకి వెళ్తున్నాడని కథ చెబుతుంది. కానీ అతని కారు బే బ్రిడ్జి పై అంతస్తు మీద పరుగెడుతుంది. ఆ వంతెనకు రెండు అంతస్తులు. పై అంతస్తు శాన్‌ఫ్రాన్సిస్కోకు వచ్చే వాహనాలది, బర్క్‌లీ వైపు వెళ్లేవి కింది అంతస్తులో, ఇనుప కప్పు నీడలో పోతాయి. అంటే అతను తెర మీద తిరుగు దిశలో వెళ్తున్నాడు. కింది అంతస్తులో వెళ్తున్న కారును ఆకాశం నుంచి తీయడం కుదరదు, ఎర్ర కారు ఎండలో మెరవడం అంతకన్నా కుదరదు. ఛాయాగ్రాహకుడికి, పటానికి తగువు వస్తే ఎప్పుడూ గెలిచేది ఛాయాగ్రాహకుడే.

మన వైపు ఇదే తగువు సముద్రం దగ్గర వస్తుంది. ఆంధ్ర తీరం తూర్పు, ఆగ్నేయ దిక్కులకు తిరిగి ఉంటుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో గానీ, రుషికొండలో గానీ, భీమిలిలో గానీ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే తప్ప సముద్రంలో కుంగడు. సాయంత్రం ఆయన మీ వీపు వెనక, కొండల మీద దిగుతాడు. అయినా విశాఖ ప్రేమకథల్లో నాయికా నాయకులు సముద్రంలోకి జారుతున్న ఎర్రని సూర్యుణ్ణి చూస్తూ విడిపోతుంటారు. అది తెల్లవారుజామున తీసిన సూర్యోదయాన్ని వెనక్కి తిప్పి వేసినదైనా కావాలి, గోవాలో తీసినదైనా కావాలి. అలలు ఒడ్డు నుంచి లోపలికి పోతున్నట్టు కనిపిస్తే మొదటిది. ఎగిరే పక్షులు వెనక్కి ఎగిరితే సందేహమే అక్కర్లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ నా దృష్టిలో చిన్న తప్పులు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేవి కథ మీద ఆధారపడినవి, అంటే దూరాన్ని, దిక్కును, దారిని కథే వాడుకుంటూ వాటిని తప్పుగా చూపేవి. మీరు ప్రస్తావించిన గోదావరి వంతెన సరిగ్గా ఆ కోవలోకి వస్తుంది కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెబుతాను.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెనలు మూడు. 1900 నాటి హేవ్‌లాక్ వంతెన 1997లో రైళ్లకు సెలవు చెప్పింది. 1974లో రోడ్డు, రైలు రెండూ నడిచే వంతెన వచ్చింది. 1997లో విల్లులాంటి కమానులతో కొత్త వంతెన వచ్చింది. సినిమాల్లో కనిపించేది చాలావరకు ఈ కమానుల వంతెనే. ఇప్పుడు దిక్కులు గుర్తుపెట్టుకోండి. పడమటి గట్టున కొవ్వూరు, తూర్పు గట్టున రాజమండ్రి. హైదరాబాద్ నుంచి వచ్చే రైలు విజయవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు మీదుగా వచ్చి, గోదావరి దాటాకే రాజమండ్రి చేరుతుంది. కాబట్టి హైదరాబాద్ కుర్రాడు రాజమండ్రిలో దిగబోతూ తలుపు దగ్గర నిలబడి గోదావరిని చూడటం పూర్తిగా సరైనది. కిటికీలోంచి నదిలోకి నాణెం వేసే పెద్దావిడను పెట్టినా అతకని మాట కాదు. కానీ అదే కుర్రాడు విశాఖ నుంచి రాజమండ్రికి వస్తే తుని, సామర్లకోట, ద్వారపూడి మీదుగా నేరుగా ఊళ్లోకి వచ్చేస్తాడు, ఏ పెద్ద వంతెనా దాటడు. కాకినాడ అమ్మాయి రాజమండ్రి కాలేజీకి వచ్చినా అంతే. తెర మీద మాత్రం ఎవరు ఎటు నుంచి వచ్చినా ఆ కమానుల కిందుగానే వస్తారు.

కోనసీమ సంగతి ఇంకా విచిత్రం. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న ఆ ప్రాంతపు నడిబొడ్డున ఉన్న అమలాపురానికి నేను ఇది రాస్తున్న నాటికి రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం వరకు వేయాల్సిన లైను ఏళ్ల తరబడి పనుల్లోనే ఉంది. అయినా కథానాయకుడు రైలు దిగి, కొబ్బరి చెట్ల నీడన రిక్షా ఎక్కి, పది నిమిషాల్లో అమలాపురం దగ్గరి తాతగారి ఇంటికి చేరుతుంటాడు. వాస్తవానికి అతను రాజమండ్రిలోనో కాకినాడలోనో దిగి బస్సో కారో పట్టుకుని రావాలి. కథలో తాతగారు పోయారన్న కబురు అంది మనవడు పరుగెత్తుతుంటే, అంత్యక్రియలకు అందుతాడా లేదా అన్నదే ఉత్కంఠ అయితే, ఆ బస్సు ప్రయాణాన్ని మింగేయడం కథకే నష్టం. కొన్ని దశాబ్దాలుగా ఆ ఊళ్ల మనుషులకు మిగిలిన అసలు కష్టం అదే కదా.

బాలీవుడ్ కూడా తక్కువ తినలేదు. 2013 నాటి 'చెన్నై ఎక్స్‌ప్రెస్'లో ముంబయి నుంచి బయలుదేరిన రైలు దూద్‌సాగర్ జలపాతం పక్కన కనిపిస్తుంది. ఆ జలపాతం గోవా–కర్ణాటక సరిహద్దు ఘాట్‌లో, క్యాజిల్‌రాక్, కులెం స్టేషన్ల మధ్య ఉన్న లైను మీద ఉంది. ముంబయి నుంచి చెన్నై పోయే రైలుకు అటువైపు పనే లేదు. అంతకన్నా ముందు, 1968లో హాలీవుడ్ వాళ్లు ఒక అగ్నిపర్వతం సినిమా తీసి దానికి 'క్రకటోవా, ఈస్ట్ ఆఫ్ జావా' అని పేరు పెట్టారు. క్రకటోవా జావాకు పడమట ఉంది. పోస్టరు మీదే దిక్కు తప్పిన చిత్రం బహుశా అదొక్కటే.

హైదరాబాద్‌కు వస్తే, నన్ను అన్నిటికన్నా నవ్వించేది విమానాశ్రయపు పతాక సన్నివేశం. నాయిక దేశం విడిచి వెళ్తుంటే నాయకుడు బైకు మీద దూసుకొచ్చి ఆఖరి నిమిషంలో ఆపడం 2008 మార్చికి ముందు తీసిన చిత్రాల్లో నమ్మదగినదే, ఎందుకంటే అప్పటి విమానాశ్రయం బేగంపేటలో, నగరం నడుమ ఉండేది. అమీర్‌పేట నుంచి పది నిమిషాల పని. ఆ తర్వాత విమానాశ్రయం శంషాబాద్‌కు, నగరం నడిబొడ్డు నుంచి సుమారు 24 కిలోమీటర్ల దూరానికి వెళ్లిపోయింది. రచయితలు మాత్రం బేగంపేట నాటి సన్నివేశాన్నే పట్టుకుని కూర్చున్నారు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. శంషాబాద్ వైపు వేగంగా పోయే రెండు దారులూ, అంటే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు ఉన్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే గానీ, ఔటర్ రింగ్ రోడ్డు గానీ, ద్విచక్రవాహనాలను అనుమతించవు. ప్రేమికుడి బైకు కింది రోడ్డులో, అత్తాపూర్ ట్రాఫిక్‌లో, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోవాలి. అలా తీసిన సన్నివేశం నేను ఇంతవరకు చూడలేదు. తీస్తే ఉత్కంఠ ఇప్పటికన్నా ఎక్కువే ఉంటుంది. పైన ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆమె క్యాబ్, కింద పిల్లర్ల మధ్య ఇతని బైకు, ఇద్దరూ ఒకే దిక్కుకు. ఆ రోడ్డు పిల్లర్లకు అంకెలు వేసి ఉంటాయి, ఇక్కడ చిరునామాలు కూడా పిల్లర్ నంబర్‌తోనే చెబుతారు. ఎంత దూరం వచ్చాడో ప్రేక్షకుడికి ఆ అంకెలే చెబుతాయి.

కాలం తప్పడమూ ఇలాంటిదే. హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడి విగ్రహం 1992 డిసెంబరులో నిలబడింది. 1980ల నాటి కథ అని తెర మీద రాసి, ట్యాంక్‌బండ్ మీద బుద్ధుడి ముందు ప్రేమికులను కూర్చోబెడితే ఈ ఊరివాళ్లు వెంటనే పట్టుకుంటారు.

చివరి రకం తప్పును నేను అసలు క్షమించలేను. అది ఒక ప్రాంతానికి ఒకే రంగు పూయడం. రాయలసీమ అనగానే డీఐలో, అంటే తీసిన దృశ్యాలకు రంగులు సరిదిద్దే దశలో, పసుపు, ఎరుపు పెంచి, హైదరాబాద్ శివార్లలోని ఒక క్వారీలో సుమోలు పరిగెత్తిస్తారు. హైదరాబాద్ చుట్టూ ఉన్నవి గ్రానైట్ గుండ్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నున్నగా గుండ్రంగా ఉంటాయి. కడప జిల్లాలో గండికోట దగ్గర పెన్నా కోసిన లోయలో చూస్తే రాయి పొరలు పొరలుగా, పుస్తకాలు దొంతరగా పెట్టినట్టు ఉంటుంది. పల్లెల్లోకి వెళ్తే ఆ పొరలే పలకలై కడప బండలుగా ఇళ్లకు పరుచుకుని, పొలాల గట్లకు కంచెలై నిలబడి ఉంటాయి. నంద్యాల వైపు నల్లరేగడి నేల, కేసీ కాలువ కింద పచ్చని వరి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకు పైగా ఎత్తున చల్లగా ఉంటుంది. తలకోనలో జలపాతం ఉంది. ఇవన్నీ రాయలసీమే. ఒకే రంగు పూసినప్పుడు అక్కడి పంట, నీళ్లు, చలి అన్నీ చెరిగిపోయి దుమ్ము, కత్తులు మాత్రమే మిగులుతాయి. కర్నూలు కుర్రాడు హైదరాబాద్ హాస్టల్లో చేరినప్పుడు మీ ఊళ్లో బాంబులేస్తారా అని అడిగించుకునేది ఇలాంటి చిత్రాల పుణ్యానే.

అదే విధంగా గోదావరి అనగానే కొబ్బరి తోట తప్ప మరొకటి చూపరు. కానీ ఆ నది తెలంగాణలో బాసర, ధర్మపురి, కాళేశ్వరం మీదుగా వచ్చి, భద్రాచలం దాటాకే పాపికొండల వైపు పోతుంది. ధర్మపురిలో పుట్టినవాడికీ తాను గోదావరివాడినే అని చెప్పుకునే హక్కు ఉంది, తెర మీద అతని గోదావరి దాదాపుగా కనిపించదు.

అడవుల విషయంలో అందరికీ తెలిసిన ఉదాహరణ 'పుష్ప'. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండ, వెలిగొండ, లంకమల వంటి దక్షిణపు కొండల్లో, రాతినేల మీద, ఎండకు ఆకు రాల్చే పొడి అడవిలో. ఆ చిత్రంలో అడవి సన్నివేశాలు చాలావరకు తీసింది గోదావరి ప్రాంతంలోని మారేడుమిల్లిలో. అది తేమగల, దట్టమైన, వాగులు పారే అడవి. తెర మీద మారేడుమిల్లి అందంగానే ఉంది, లారీలు పోవడానికి వీలుగానూ ఉంది. కానీ ఎర్రచందనం ఎందుకంత అరుదో, దాన్ని కొట్టి మోసుకొచ్చే కూలి ఎండలో, రాళ్లలో, నీళ్లు దొరకని చోట ఎంత నలుగుతాడో ఆ పచ్చదనం చెప్పలేదు. ఇక్కడ భూగోళం మారితే శ్రమ స్వభావమే మారిపోయింది. ఆ నిర్ణయం వెనక ఉన్న కష్టం నాకు తెలుసు, శేషాచలం రక్షిత అడవి, అక్కడ అంత పెద్ద యూనిట్‌కు అనుమతి దొరకడం మాటలు కాదు. అయినా లోటు లోటే.

ఏ చిత్రం ఎక్కడ తీశారో మీరే కనిపెట్టాలంటే నటుల మీంచి చూపు తప్పించి వెనక చూడండి. బండి నంబర్లు ముందు దొరికిపోతాయి. పాత రిజిస్ట్రేషన్లలో కర్నూలు ఏపీ 21, కడప ఏపీ 04, రంగారెడ్డి ఏపీ 28. కడప ఫ్యాక్షన్ కథలో వరసగా ఏపీ 28 సుమోలు కనిపిస్తే అవి హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చినవని అర్థం. 2014 తర్వాతి చిత్రాల్లో టీఎస్ అన్న అక్షరాలు చూడండి, కళాదర్శకత్వ విభాగం కొన్నిటికి స్టిక్కరు వేసి వెనక వరసను మరిచిపోతుంది. రోడ్డు పక్క కిలోమీటరు రాయి తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి. హైదరాబాద్ నుంచి కర్నూలుకు నిజంగా వెళ్లి తీసినవాళ్లు రెండు నదులు దాటి ఉంటారు. బీచుపల్లి దగ్గర కృష్ణ, ఊరి పొలిమేరలో తుంగభద్ర. ఆ రెండో వంతెన దాటగానే కర్నూలు మొదలవుతుంది.

ఇక మీ లఘుచిత్రం. హైదరాబాద్ ఛేజింగ్‌ను మీకు అనుమతి దొరికిన రోడ్ల మీద తీసుకోండి. చార్మినార్ షాట్‌లో మక్కా మసీదు నైరుతి మూలన ఉంటుందన్నది గుర్తుంచుకుంటే పాత్ర ఏ వైపు పరుగెడుతున్నాడో చూసేవారికి తెలుస్తుంది, అంతకుమించి శ్రమ అక్కర్లేదు. భీమవరం ప్రయాణంలో మాత్రం రాజమండ్రి వంతెనను తీసేయండి. నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు విజయవాడలో కృష్ణ దాటి గుడివాడ మీదుగా పోతాడు, గోదావరి అతని దారిలో రాదు. కైకలూరు దాటాక ఆకివీడు వచ్చేలోపు రైలు ఉప్పుటేరు దాటుతుంది. కొల్లేటి నీటిని సముద్రానికి మోసుకుపోయే ఏరు అది. అక్కడ పట్టాలకు రెండు వైపులా చేపల చెరువులు. రైలు తెల్లవారేసరికి అక్కడికి చేరితే గట్ల మీద మేత బస్తాలు, తెడ్డు వేస్తున్న పడవ, నీళ్లు చిలికే ఏరేటర్లు మీ కెమెరాకు దొరుకుతాయి. తలుపు దగ్గర నిలబడ్డ నటుడు, ఒక చిన్న కెమెరా ఉంటే చాలు. రైల్లో చిత్రీకరణకు రైల్వే అనుమతి ముందుగా తీసుకోవాలి, ఆ దరఖాస్తు పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.